బాక్సు ఎడమకు జరిపిన పవమాన్ సామి

పొద్దున పదిన్నర దాటింది. సలి పోయి ఎండ ఈపు మీద చుర్రుమంటాండె. తెల్లారకముందే ఇంత టీ నీళ్లు తాగి వచ్చినోన్ని, అప్పటినుంచి కడుపులో ఏమీ పడలా. గేటు బయట హుసేనమ్మ బొరుగుల ఉగ్గాని కలుపుతాంది, బజ్జీల వాసన ఈడిదాకా వస్తాంది. పోయి తిందామంటే పోనీకి లేదు. లారీ కాటా నిలబడిపోయింది. బండ్లు గేటు దాటి రోడ్డు మీద దాకా వరస కట్టినాయి. తుగ్గలి రైతు ఒగాయన ట్రాక్టరు మీద నిలబడి హారను మోగించేది, మమ్మల్ని తిట్టేది, మళ్ల హారను మోగించేది.

మాది ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు. పత్తి సీజనులో రోజుకు నలభై యాభై బండ్లు వస్తాయి. ప్రతి బండీ నిండుగా ఒగసారి, దించినాక ఖాళీగా ఒగసారి కాటా ఎక్కాల. బరువు కంప్యూటరులో పడాల, చీటీ రావాల. చీటీ వస్తేనే మేము మూటలు దించేది, మూటలు దించితేనే మాకు తిండికి పోయే సందు. అందుకే ఆ కంప్యూటరు నిలబడితే ముందుగా కాలేది మా హమాలీల కడుపే.

అప్పుడు ఆటో దిగి వచ్చినాడు పవమాన్ సామి. ఆ కాటా ప్రోగ్రాము రాసిందే ఆయన. పొడుగ్గా, సన్నగా, భుజానికి నల్ల సంచి, నుదుటి మీద నిలువుగా నల్ల గీత, దాని కింద ఎర్ర బొట్టు. నా జతగాడు తిరుపాల్ ఆయన్ను సూసి, "ఎవరప్పా ఈ సామి, మిల్లులో వ్రతం యామన్నా పెట్టుకున్నారా?" అన్నాడు.

సామి కాటా రూములోకి పోయి, మౌసు ఒగ్గసారి నొక్కినాడు. కంప్యూటరు లేసి కూర్చునింది.

"ఇదిగోన్నా, కుడి మూలలో చిన్న బాక్సు వచ్చి అడుగుతోంది కదా, నిండు బండా ఖాళీ బండా అని. మీరు జవాబు చెప్పేదాకా అది ఇంకేమీ వినదు" అన్నాడు.

"మా ఇంట్లో గూడ అంతే సామీ" అన్నాడు తిరుపాల్ కిటికీ లోంచి. "అడిగిందానికి జవాబు సెప్పందే భారతి బువ్వ పెట్టదు."

కాటా కుర్చీలో కూర్చునేది ఉచ్చీరప్ప. ఆయప్ప నవ్వలా. "ఔ సామీ, సూడలేదు" అన్నాడంతే.

ఆయప్ప సంగతి సెప్పాల. ముందు ఆయప్ప దూది బేళ్లు కట్టే ప్రెస్సులో పని సేస్తాండె. పన్నెండేండ్ల కిందట ఇనుప పట్టీ తెగి కుడి కంటికి తగిలింది. కన్ను సూడనీకి బాగానే ఉంటాది గానీ సూపు లేదు. పెద్ద సావుకారు ఆయప్పను కాటా కుర్చీలో కూర్చోబెట్టినాడు. పెద్దాయన పోయినాడు, ఇప్పుడుండేది కొడుకు. ఈయనకు కన్ను సంగతి తెలీదు, మేమెవరమూ సెప్పలా. పాత కాటాకు అంకెలు కనపడితే సాలు, రాసుకుంటాండె. కంప్యూటరు వచ్చినాక వచ్చింది తంటా. కాటా మీది బండి ఎడమ కిటికీ లోంచి కనపడతాది. బండిని సూస్తా, బండి నెంబరు సూస్తా, మొగం ఆ తట్టే తిప్పి కూర్చోవాల. అట్ల కూర్చుంటే స్క్రీను కుడి మూల ఆయప్పకు సీకటే. బాక్సు వచ్చి ఆ మూలలో నిలబడతాది, ఈయనేమో పక్క బండి నెంబరు కొడతా ఉంటాడు, కంప్యూటరు వినదు. కూతలు పెడతాది గానీ జిన్ను మిషిన్ల సప్పుడులో యాడ వినపడతాది? కడకు ఆపేసి మళ్ల ఆన్ సేస్తాడు. పది నిమిషాలు పోతాది, రోడ్డు మీద హారన్లు.

సావుకారు ఆ రోజే అందరి ముందరా సెప్పేసినాడు. "ఉచ్చీరప్పా, ఇంకోసారి బండ్లు రోడ్డెక్కితే ఆ కుర్చీలో వేరే మనిషిని పెడతా."

యాభై ఎనిమిదేండ్ల మనిసి. నడుము ముందే పోయింది. ఆ కుర్చీ పోతే మళ్ల మూటలు మోసే ఈపు గూడ లేదు.

ఈ బాక్సు తంటా తీర్చనీకి పవమాన్ సామి ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది మొదలుపెట్టినాడు. వాళ్ల నాయన వెంకోబారావు మంత్రాలయంలో పూజ సేయించే ఆయనంట. ఈయనకు మాత్రం ఆ స్క్రీనే దేవుడు. నోటి నుంచి అబద్ధం రాదు. మంచిదే గానీ, మిల్లులో దానితో కష్టం. ఒగ డ్రైవరు "మా ఓనరు ఫోను సేస్తే కాటా చెడిపోయింది, అందుకే ఆలస్యమని సెప్పు సామీ" అని బతిమిలాడినాడు. ఈయన ఫోను తీసుకుని, "మీ డ్రైవరు హోటల్లో ఉన్నాడండీ, దోసె తింటున్నాడు" అని సెప్పేసినాడు.

బాక్సును ముందు పెద్దది సేసినాడు. దానికి ఉచ్చీరప్ప తిరగలా. ఎర్ర రంగు పూసినాడు. తిరగలా. ఇంగో దినం అది మినుకు మినుకుమనేటట్టు సేసినాడు, పెండ్లి ఇంటి లైట్లు మాదిరి. ఆయప్ప ఎడమ కిటికీ లోంచి బండిని సూస్తా నింపాదిగా కూర్చున్నాడు.

"ఏమన్నా, కావాలని చేస్తున్నావా నువ్వు?" అన్నాడు సామి, పాపం విసుగొచ్చి.

ఉచ్చీరప్ప తల దించుకున్నాడు. అప్పుడే హుసేనమ్మ టీ తెచ్చింది. కుడి తట్టు ఉండేది వాకిలి. అయినా ఆమె కుర్చీ ఎనక నుంచి సుట్టు తిరిగి పోయి గ్లాసు ఎడమ సేతి కాడ పెట్టింది. సామి అది సూసినాడు.

"అంత దూరం తిరగడం ఎందుకమ్మా? ఇక్కడే పెట్టచ్చు కదా?"

హుసేనమ్మకు నోరు ఆగదు. "మీ బాక్సు కంటే నా గ్లాసు నయం సామీ. నా గ్లాసు ఆయప్పకు కనపడతాది" అని పోయింది.

సామి ఆ గ్లాసు తట్టు తిరిగినాడు. మమ్మల్ని సూసినాడు. మేము ఆకాశం తట్టు సూసినాం. "అన్నా, ఒక్క నిమిషం లే" అని ఉచ్చీరప్పను లేపి తను ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుడి కన్ను అరసెయ్యితో మూసుకున్నాడు. మొగం కాటా తట్టు తిప్పినాడు. అట్ల ఎంతసేపు కూర్చున్నాడో! తరువాత నవ్వు మొదలుపెట్టినాడు.

"ఇన్ని దినాల నుంచి గుడ్డోన్ని నేనన్నా, నువ్వు కాదు" అన్నాడు.

ఉచ్చీరప్ప భయపడిపోయినాడు. "సామీ, సావుకారికి సెప్పొద్దు."

"నేనెందుకు చెప్తాను?"

ఆ మద్యాన్నం సామి హుసేనమ్మ కాడ టీ పల్లెం అడిగి తీసుకున్నాడు. పల్లెం స్క్రీనంట. ఒగ అగ్గిపెట్టె బరువు పడే గడి, ఇంగో అగ్గిపెట్టె బండి నెంబరు, తిరుపాల్ బీడీ కట్ట అడిగే బాక్సు. ఆడ పెట్టేది, ఈడ పెట్టేది, ఒగ కన్ను మూసుకుని సూసేది. "నా పల్లెం ఇయ్యి సామీ, గ్లాసులు సేత్తో మోయాల్నా?" అని ఆమె, "అయిదు నిమిషాలమ్మా" అని ఈయన. తిరుపాల్‌కు బీడీ కావల్సొస్తే ఒగటి తీసుకోనీకి గూడ లేదు, బాక్సు జరిగిపోతాదంట.

నన్ను పిల్చి సూపించినాడు. "స్క్రీనుకు పైన ఎడమ మూల సున్నా, గిడ్డయ్యా. అక్కడి నుంచి కుడికి ఇన్ని చుక్కలు, కిందికి ఇన్ని చుక్కలు అని చెప్తే బాక్సు పోయి అక్కడ నిలబడుతుంది. కుడికి తక్కువ చుక్కలు చెప్తే సరి, ఎడమకు వచ్చేస్తుంది."

తన సంచిలోని కంప్యూటరులో సేసి సూస్తే భలేగా ఎడమ తట్టు వచ్చింది. అదే తెచ్చి కాటా రూములో పెడితే బాక్సు సగమే కనపడె. నొక్కాల్సిన తావంతా స్క్రీను కింద యాడికో పోయింది.

"మీ స్క్రీను పొట్టిది" అన్నాడు సామి నెత్తి పట్టుకుని. "సావుకారు క్యాబిన్లోది ఇంకో కొలత. దేనికని లెక్క వేసేది?"

నాకు కంప్యూటరు తెలీదు. నాలుగో తరగతితోనే బడి ఇడిసినోన్ని. కానీ ముప్పై ఏండ్లుగా గోడౌన్లలో బేళ్లు పేర్చినోన్ని. "మేము మూల నుంచి కొలవం సామీ" అన్న్యా. "ఒగ గోడౌను పెద్దది, ఒగటి సిన్నది. గోడ నుంచి కొలిస్తే కడకు నడిసే దారి మీద పడతాది. ఎత్తుకునే మనిసి యాడ నిలబడతాడో సూసుకుని, ఆడి నుంచి పేరుస్తాం."

సామి నన్ను ఎట్ల సూసినాడంటే, నా మొగానికి యామన్నా అంటుకునిందేమో అని తుడుసుకున్న్యా.

"ఉచ్చీరప్పన్న చూపు ఎప్పుడూ ఉండేది ఎక్కడ? ఎడమ పక్కనున్న బరువు గడి మీద. దాని పక్కనే పుట్టాలి బాక్సు. స్క్రీను మూలతో మనకేం పని!" అని కుర్చీ లాక్కున్నాడు. బరువు గడి యాడుంటే బాక్సు దాని కాడనే తెరుసుకునేటట్టు రాసినాడు. కింద తావు లేకుంటే తానే పైకి తెరుసుకోవాల. వేరే విండో ఏదొచ్చినా దాని ఎనక దాక్కోకూడదు. మా పొట్టి స్క్రీనులో గడి కింద బండ్ల పట్టిక ఉండె, కాబట్టి బాక్సు ప్రతిసారీ పైకి తెరుసుకుంటాండె.

మొదటి బండి ఎక్కింది. బరువు పడింది. బాక్సు లేసింది. ఉచ్చీరప్ప మొగం తిప్పలా, మెడ వంచలా. "నిండు బండా అని అడుగుతాంది" అన్నాడు, యాదో సుట్టం పలకరించినట్టు. నొక్కినాడు. చీటీ బయటికొచ్చింది. హుసేనమ్మ కిటికీ కాడ సప్పట్లు కొట్టింది.

అప్పటినుంచి నెలన్నర రోడ్డు మీద ఒగ్గ బండి నిలబడలా. మేము ఎనిమిదిన్నరకల్లా ఉగ్గాని తింటాంటిమి. ఉచ్చీరప్ప మీటలు నొక్కేది సూస్తే హార్మోనియం వాయిస్తాడేమో అనిపించేది. సామికి అలవాటు పోక, హుసేనమ్మ తోపుడు బండి మీది సక్కెర డబ్బా గూడ సెయ్యి అందే తావుకు జరిపినాడు. "నా సంసారం జోలికి రాకు సామీ" అని ఆమె మళ్ల ఎనక్కి పెట్టింది. మర్సటి దినం తనే సామి పెట్టిన తావులో పెట్టుకునింది గానీ, ఆ మాట ఎవరితో సెప్పలా.

ఇంతలో సావుకారు క్యాబిన్లో పెద్ద టీవీ పెట్టించినాడు. కాటా స్క్రీను అట్లే టీవీలో కనపడాలంట, కోయంబత్తూరు నుంచి దూది కొనేటోళ్లు వస్తాండారంట. వాళ్లొచ్చినారు. టీవీలో పైన ఎడమ తట్టు సావుకారు నాయన పేరు పెద్ద అక్షరాలతో ఉండె. బండి కాటా ఎక్కినప్పుడల్లా బాక్సు పైకి లేసి ఆ పేరును సగం మూసేది. పేరు కింద 'ఖాళీ బండా?' అని పడితే వచ్చినోళ్లలో ఒగాయన నవ్వినాడంట.

వాళ్లు పోయినాక సావుకారు కాటా రూముకు వచ్చినాడు. చీటీ కోసమని నేను వాకిట్లో ఉండా.

"పవమాన్, మా నాయన నెత్తిన ఎవరు కూర్చోమన్నారు నీ బాక్సును?"

"పేరును కుడివైపుకు జరుపుతానండీ. అయిదు నిమిషాలు."

"పేరు యాల జరగాల? మొదటినుంచి అది ఆడే ఉండె. నడమ వచ్చింది బాక్సు. మధ్యలో పెట్టు దాన్ని."

"మధ్యలో పెడితే పట్టిక మూసుకుంటుందండీ."

"అయితే ముందున్న కుడి మూలలోనే పెట్టు."

"అక్కడ కుదరదండీ."

"ఎందుకు కుదరదు? అన్ని మిల్లుల్లో ఆడనే వస్తాది. నా మిల్లులోనే ఎందుకు కుదరదు?"

సామి స్క్రీను తట్టు సూసినాడు. ఆయనకు అబద్ధం రాదు. నిజం సెప్తే ఉచ్చీరప్ప కుర్చీ పోతాది.

"కారణం చెప్పు. లేదంటే ఇప్పుడే వెనక్కి జరుపు. రెండూ కాదంటే రేపటినుంచి ఈ గేటు తొక్కొద్దు."

"సావుకారీ, అది నా…" అని ఉచ్చీరప్ప లేయబోయినాడు. సామి ఆయప్ప ఎడమ భుజం మీద సెయ్యి పెట్టి గట్టిగా అదిమినాడు. ఆయప్ప కూర్చున్నాడు. సామి తన కంప్యూటరు మూసి సంచిలో పెట్టుకున్నాడు. సావుకారుకు దండం పెట్టినాడు. నా పక్క నుంచే గేటు తట్టు పోయినాడు.

సావుకారు మౌసు తానే పట్టుకున్నాడు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యనా?" అని బాక్సును లాగి కుడి మూలలో పెట్టినాడు. ఇంగో బండి ఎక్కింది, బాక్సు మళ్ల బరువు గడి కాడనే లేసింది. మళ్ల లాగినాడు. ఇంగో బండి. మళ్ల ఆడనే. నాలుగోసారికి మౌసు బల్ల మీద పడేసి, "వేరే ఎవడినైనా పిలిపిస్తా" అని గొణుక్కుంటా వాకిట్లో నిలబడినాడు. రోడ్డు తట్టు సూసినాడు. ఒగ్గ బండి గూడ వరసలో లేదు. యామనుకున్నాడో, మళ్ల మౌసు ముట్టలా.

ఎడమ కిటికీ లోంచి గేటు కనపడతాండె. సామి ఎమ్మిగనూరు బస్సు కోసం ఆటో ఎక్కుతాండాడు. పిలవాలని ఉచ్చీరప్ప నోరు తెరిసినాడు గానీ, సావుకారు వాకిట్లోనే ఉండె. పత్తికొండ లారీ వచ్చి కాటా మీద నిలబడింది. బాక్సు లేసింది. ఆటో పోయిన తట్టే సూస్తా ఆయప్ప నొక్కినాడు, నిండు బండి అని.