స్టూలు బావ

బజారు మలుపులో ఇస్త్రీ కొట్టు పెట్టుకున్న ఆ మనిషిని అందరూ స్టూలు బావ అనేవారు. నిజానికి ఆయన బావ అయ్యేది ఒక్కడికే. ఆ ఒక్కడు ఒకప్పుడు బాక్సింగులో దేశం మొత్తానికీ మొదటివాడు కావటంతో, వాడి వరసే వీధి అంతా పట్టుకుంది. జనం వాణ్ని బండ అని పిలుచుకునేవారు. పెళ్లీ పెటాకులూ లేకుండా అక్క ఇంట్లోనే పెరిగి పెద్దవాడయ్యాడు.

బండ రింగులో ఉన్నంతకాలం, రౌండు ముగిసి గంట కొట్టగానే తాళ్ల సందులోంచి స్టూలు తోసేది బావే. వాణ్ని కూర్చోబెట్టాలి. పళ్ల మధ్య పెట్టుకున్న రబ్బరు తీసి కడగాలి. మొహం తుడిచి, కనుబొమల మీద వాజలీను రాసి, రెండు గుక్కలు నీళ్లు పట్టాలి. మళ్లీ గంట మోగేలోపు దిగిపోవాలి. ఇస్త్రీ పెట్టె పట్టి గట్టిపడిన ఆ వేళ్లు వాడి మొహం మీద మాత్రం పసిబిడ్డకు కాటుక దిద్దినంత మెత్తగా కదిలేవి.

ఆ హడావిడిలోనే ఆయన వాడి చెవిలో ఒక మాట చెప్పేవాడు. "నాలుగయింది నాన్నా, ఇప్పుడు అయిదోది."

ఎంత దూరం వచ్చామో తెలిస్తే ఎంత దమ్ము దాచుకోవాలో తెలుస్తుందని మొదట్లో అలా చెప్పాడు. తరవాత అదే అలవాటైపోయింది. గట్టి దెబ్బ తగిలినప్పుడు రింగు డాక్టరు పైకి వచ్చి, కళ్లలో లైటు వేసి "ఏ రౌండు?" అని అడిగేవాడు. మనిషికి తెలివి సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆ ప్రశ్న. బండ ఠక్కున చెప్పేవాడు. డాక్టరు తల ఊపి దిగిపోయేవాడు. ఇందులో తప్పేదో ఉందని బావకు ఏనాడూ తోచలేదు. దప్పిక గొన్నవాడికి నీళ్లిచ్చినట్టే అనుకున్నాడు.

వయసు మీద పడ్డాక బండ వరసగా మూడుసార్లు ఓడిపోయాడు. ఊరి నోరు తిరగబడింది. నాలుగో పోటీకి ఒప్పుకున్నాడని తెలిసిన రోజు, గడ్డం గీయించుకోవడానికి వెళ్లిన బావను మంగలి పలకరించాడు.

"ఏం బావగారూ, మీ బండ మళ్లీ దిగుతున్నాడటగా? ఈసారి ఎంతసేపు నిలబడతాడు?"

బెంచీ మీద కూర్చున్నవాడు అందుకున్నాడు. "నిలబడ్డం దేనికండీ, స్టూలు ఎటూ బావగారి చేతిలోనే ఉంటేనూ!"

కొట్టు కొట్టంతా నవ్వింది. బావ కూడా నవ్వినట్టే మొహం పెట్టాడు.

"చిన్నాచితకా వాళ్లనా వాడు కొట్టింది?" అన్నాడు మెల్లిగా.

"కొట్టాడు, కాదంటానా! కానీ వాళ్లంతా అప్పటికే వాడిపోయిన సరుకు. అసలైనవాడు తగిలేసరికి మనవాడు బోర్లా పడ్డాడు. ఆఖర్న ఎలా ఉన్నాడన్నదే లెక్క బావగారూ."

అంటూనే, బావకు దవడ పన్ను నొప్పి అన్న సంగతి గుర్తుపెట్టుకుని, ఆ వైపు కత్తిని తేలిగ్గా ఆనించి గీశాడు. నోరు చెడ్డదే గాని చెయ్యి మంచిది.

బావను కుదిపింది మంగలి మాటలు కావు. ఇంట్లో ఆయన చూస్తున్నది వేరు. బండ గ్లాసు పక్కన నీళ్లు పోస్తున్నాడు. చొక్కా గుండీలు పెడుతూ మధ్యలో ఆగిపోయి, తరవాత ఏం చెయ్యాలో మరిచినట్టు వేళ్ల వంక చూసుకుంటున్నాడు. ఒకనాడు భోజనాల దగ్గర ముద్ద కలుపుతూ మామూలుగా అడిగాడు.

"అక్కా, అమ్మ తిన్నదా?"

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. అక్క చేతిలో గరిటె అలాగే ఆగింది. బావ గబుక్కున అందుకున్నాడు. "తిని పడుకుందిరా. నువ్వు కానీ."

వాడు తల ఊపి తిన్నాడు. తరవాత వంటింట్లో భార్య ఆయన్ని నిలదీసింది.

"అలా ఎందుకు చెప్పారండీ?"

"తింటున్నవాడికి ఏమని చెప్పనే? ముద్ద గొంతు దిగుతుందా?"

"ముద్ద దిగకపోతే పోయె! రేపు అంతమంది మధ్యన, వాడు అమ్మను వెతుక్కుంటే? ఎదుటివాడు ఆగుతాడా?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ మాటైతే వింటాడు. వద్దని చెప్పండి."

మర్నాడు కొట్టులో, చేతులకు పట్టీలు చుట్టించుకోవడానికి వచ్చిన బండతో బావ ఆ మాట కదిపాడు.

"ఇక చాల్లేరా. ఆరోగ్యం బాలేదని కబురు పెడదాం."

"ఈ ఒక్కటీ బావా. గెలిచి దిగిపోతాను. ఇప్పుడు దిగితే ఆ మూడు ఓటములే మిగులుతాయి. అంతకుముందు కొట్టినవన్నీ ఎవడికి గుర్తుంటాయి?"

"నాకుంటాయి."

"నీకుంటే సరా? నువ్వు బావవి!" బండ నవ్వాడు. ఆయన మొహం చూసి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎందుకంత బెంగ? నువ్వు పక్కనుంటే నాకేం భయం? రౌండు సంగతి కూడా నేను చూసుకోనక్కర్లేదు. డాక్టరు అడిగినా నువ్వు చెప్పిందే చెప్తాను."

బావ చేతిలోంచి పట్టీ జారిపోయింది. ఇన్నేళ్లూ డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది ఎవరు? మొదటి ఓటమిలోనూ, రెండో ఓటమిలోనూ, మూడో ఓటమిలోనూ, వాడి తల చీకటైపోయిన క్షణాన దీపం పట్టుకుని నిలబడి, అంతా వెలుగే ఉందని డాక్టరును నమ్మించింది ఎవరు? ఆ పూట ఆయన ఎవరిదో తెల్లచొక్కా కాలర్ని మాడ్చేశాడు.

ఇంటికి వచ్చి దేవుడి పటం ముందు కూర్చున్నాడు. వాణ్ని గెలిపించమని ఏళ్ల తరబడి మొక్కిన మనిషి ఆ సాయంత్రం గెలుపు ఊసెత్తలేదు. "వాడు నడిచి ఇంటికి రావాలి తండ్రీ" అని మాత్రం అన్నాడు.

పోటీ రోజున హాలంతా కిక్కిరిసి ఉంది. మొదటి విరామంలో బావ స్టూలు వేశాడు, మొహం తుడిచాడు, నీళ్లు పట్టాడు. రౌండు మాట ఎత్తలేదు. తరవాతా అంతే. విచిత్రంగా బండ బాగా ఆడుతున్నాడు. పాత రోజుల్లోలాగా ఎదుటివాడి దెబ్బ కింద నుంచి జారి, పక్కటెముకల మీద గుద్దుతుంటే జనం కుర్చీల మీంచి లేచి ఊగిపోయారు. బావ గుండె కూడా ఊగింది. గెలుస్తాడేమో! అనవసరంగా భయపడ్డానేమో!

అంతలో ఎడమచెవి పైన ఒక దెబ్బ పడింది. అంత పెద్దదిగా ఏమీ కనిపించలేదు. బండ పడలేదు కూడా. గంట మోగింది. వాడు చక్కగా నడుచుకుంటూ ఎదుటివాడి మూలకు వెళ్లి, అక్కడి స్టూలు మీద కూర్చోబోయాడు. హాలు గొల్లుమంది. రిఫరీ భుజాలు పట్టి ఇటు తిప్పి పంపాడు.

డాక్టరు తాళ్లు ఎత్తుకుని లోపలికి వచ్చాడు. కళ్లలో లైటు వేశాడు.

"ఏ రౌండు?"

బండ నవ్వాడు. ఎప్పటిలాగే బావ వైపు చెవి ఒగ్గాడు. బావ నాలుక చివర అంకె సిద్ధంగా ఉంది. పెదవి కదిపితే చాలు, డాక్టరు దిగిపోతాడు, ఇంకో రెండు రౌండ్లు నిలబడితే గెలుపు వీడిదే, ఊరి నోళ్లన్నీ మూతబడతాయి. బండ కళ్లు ఆయన మొహం మీదే ఉన్నాయి, బడిలో పక్కవాడి పలక వంక చూసే పిల్లవాడిలాగా. ముందు ఆశగా, తరవాత అర్థం కానట్టు, చివరికి బెదురుగా.

బావ పెదవులు బిగబట్టి, తువ్వాలులో మొహం దాచుకున్నాడు.

"ఒకటి... ఇంకా ఒకటేగా?" అన్నాడు బండ.

డాక్టరు పోటీ ఆపమని రిఫరీ వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అమ్ముడుపోయాడ్రా బావ!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. ఖాళీ సీసా ఒకటి తాళ్లకు తగిలింది. బావ తువ్వాలు బండ తల మీద కప్పి, వాడి వీపుకు తన ఒళ్లు అడ్డం పెట్టి కిందికి దింపాడు.

"నోరెందుకు విప్పలేదు బావా?" అని లోపలి గదిలో అడిగాడు బండ. ఆ తరవాత ఆయనతో మాట్లాడటం మానేశాడు.

తల లోపలి ఫోటో తీయించారు. పెద్ద డాక్టరు దాన్ని లైటు మీద పెట్టి చాలాసేపు చూశాడు. "ఈ దెబ్బలన్నీ ఎప్పటివో. ఇంకొక్క దెబ్బ తగలకూడదు. ఇలాగే ఉంటుందా, ఇంకా పెరుగుతుందా అంటే చెప్పలేనమ్మా," అని అక్కతో అన్నాడు. ఆమెకు కూర్చోమని తన కుర్చీ జరిపాడు.

మంగలి దగ్గర మాత్రం తీర్పు ఎప్పుడో అయిపోయింది.

"గెలిచేవాడండీ. మీరొక్క మాట సాయం చేసుంటే గెలిచి దిగేవాడు. ఇప్పుడు చూడండి, నాలుగు ఓటములతో దిగాడు."

"దిగాడు కదా," అన్నాడు బావ. "నడిచి దిగాడు."

మంగలి ఆయన మొహం చూశాడు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ పిండి, అడగకుండానే ఆయన మెడ మీద వేశాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం బండ ఇస్త్రీ కొట్టుకు వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది.

"బావా, పొద్దుననగా బయల్దేరాను. రోజూ వచ్చే దారే. ఎటు తిరిగినా కొత్తగా ఉంది. ఎవరినైనా అడుగుదామంటే... నన్ను తెలియనివాడెవడు? నవ్వుతారు కదా." గొంతు తగ్గించాడు. "అక్కకు చెప్పకు."

"చెప్తానురా," అన్నాడు బావ.

బండ కోపం తెచ్చుకోలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు. ఎంతమందినో పడగొట్టిన ఆ పిడికిలి కర్రను బిగించి వదలటం లేదు.

"నాకు భయంగా ఉంది బావా."

ఇన్నేళ్లలో ఆ మాట వాడి నోట ఆయన వినలేదు. ఇస్త్రీ పెట్టెను పక్కకు పెట్టి, సగం చేసిన బట్టల మీద దుప్పటి కప్పాడు.

"నాకూ ఉందిరా. మీ అక్కకు మనిద్దరికంటే ఎక్కువుంది. పద, ఇంటికెళ్లి ముగ్గురం ఒకచోట కూర్చుని భయపడదాం."

బండ నవ్వబోయి నవ్వలేక ఆయన చెయ్యి అందుకున్నాడు. దారి పొడుగునా వదల్లేదు. వీధిలో అందరూ చూస్తూనే ఉన్నారు.