యాదమ్మకు రాసిచ్చిన అంకెలు

2024 ఫిబ్రవరి 11, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. దయ్యాలు, ఆత్మలు, మహిమలు నేనెన్నడూ నమ్మలేదు. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆఫీసులో భూమి రికార్డులు రాశాను. కాగితం మీద లేనిది నాకు లేనట్టే. అలాంటి నేను ఏం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

శంషాబాద్‌లో మా పక్క వాటాలో రజియా ఉంటుంది. కుట్టు టీచరుగా రిటైరైంది. ఇద్దరికీ జియోకాషింగ్ పిచ్చి పట్టింది. ఎవరో ఒకరు చిన్న డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలున్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి రావాలి. గుట్టల్లో ఎండకు ఫోన్ తెర కనిపించేది కాదు. చార్జింగ్ సగంలోనే అయిపోయేది. అందుకని చేతిలో పట్టుకునే జీపీఎస్ రిసీవర్ ఒకటి కొందామనుకున్నాం. తలా మూడు వేలు, మొత్తం ఆరు. మేం చూసిన కొత్తవేవీ ఆ ధరకు రాలేదు.

పాతది కొనేటప్పుడు చూడాల్సినవి వరుసగా రాసుకున్నాను. రంగుల మ్యాపు అక్కర్లేదు. మామూలు పెన్సిల్ సెల్లులతో నడవాలి. సెల్లులు పెట్టే చోట తుప్పు ఉండకూడదు. అంకెలు మనమే ఎక్కించుకునే వీలుండాలి. ఎనిమిదో వరుసలో ఇలా రాశాను: పాత గుర్తులన్నీ తుడిచేసి, ఆరుబయట ఇరవై నిమిషాలు ఉంచి, ఎన్ని మీటర్ల తేడా చూపుతోందో చూడాలి.

తొండుపల్లిలో యాదమ్మ అనే ఆమె తన భర్త రిసీవర్ అమ్ముతోందని తెలిసి వెళ్లాం. భర్త మల్లేశ్ ఒక సర్వేయరు దగ్గర పనిచేసేవాడట. అంతకు ముందు ఏడాది చనిపోయాడు.

"నాలుగున్నర వేలియ్యి అక్కా. గని ఒక్కటే మాట. అండ్ల ఒక గుర్తున్నది. మా తొలి పిల్లను మట్టిల పెట్టిన జాగ. మూడు నెలల పిల్ల. బండ కింద దాని చేతి నల్లపూసలు డబ్బాల పెట్టిండు మా ఆయన. ఇప్పుడు గట్లు పోయినయి, చెట్లు పోయినయి, అంతా ప్లాట్లైంది. ఆయన పోయినంక నాకు దారి ఎరుక లేదు. ఆ అంకెలు రాసియ్యి, మా చిన్నబిడ్డ ఫోన్‌ల పెట్టుకుంటది."

"రాసిస్త" అన్నాను. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

నేను వాకిట్లో నిలబడి నా కాగితం తీశాను. ఒక్కో వరుసా చూసి టిక్కు పెడుతున్నాను.

"పెండ్లి సంబంధానికి గూడ ఇన్ని సవాళ్లు అడగరు ఆపా. జర జల్దీ కానియ్యి" అని రజియా నవ్వింది.

ఎనిమిదో వరుస వచ్చింది. మీట నొక్కాను. తెర మీద ఒక్క గుర్తు కూడా మిగల్లేదు. వేలు తీశాక గాని యాదమ్మ మాట గుర్తుకు రాలేదు.

రజియా తెర చూసింది, నన్ను చూసింది. "పోయి చెప్పు" అని మెల్లగా అంది.

చెప్పలేదు. యాదమ్మ చాయ్ కప్పులతో బయటికి వస్తుంటే కలం తీశాను. డిగ్రీలు, నిమిషాలు ఆ ఊరివే వేశాను. నిమిషాల చుక్క తర్వాత ఉండాల్సిన మూడేసి అంకెలు కల్పించాను. ఉత్తరానికి నా పాత కిరాయి ఇంటి నంబరు, తూర్పుకు నా పింఛను పుస్తకం చివరి మూడు అంకెలు. నా చేత్తో రాసిన దొంగ లెక్క అదొక్కటే. యాదమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

ఫిబ్రవరి 20, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండుంబావుకు ఫోన్ మోగింది. యాదమ్మ ఏడుస్తోంది.

"దొరికిందక్కా! నువ్వు రాసిచ్చిన తానికే పోయినం. తంగేడు పొద కింద బండ. డబ్బా గట్లనే ఉన్నది."

నమ్మలేదు. గురువారం నాలుగు గంటలకు ఒక్కదాన్నే వెళ్లాను. నేను కల్పించిన అంకెలే రిసీవర్‌లో ఎక్కించి, బాణం చూపిన దిక్కుకు నడిచాను. బండ దగ్గర యాదమ్మ కూర్చుని ఉంది. తేడా మూడు మీటర్లు. స్టీలు డబ్బా మూత మీద, సామాన్ల దుకాణంలో కొట్టించే చుక్కల అక్షరాల్లో మల్లేశ్ పేరుంది. లోపల పసిపిల్ల చేతికి కట్టే నల్లపూసల దండ. నా రెండు వేళ్లు కూడా అందులో పట్టవు.

యాదమ్మ నా కాళ్లకు దండం పెట్టబోయింది. "మోకాళ్ల నొప్పులున్నదానివి, వంగకు" అన్నాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మూడేసి అంకెలు రెండు చోట్ల, అంటే పది లక్షల రకాలుగా పడొచ్చు. అటూ ఇటూ మూడు మీటర్లు వదిలేసినా, సరిపోయేవి తొమ్మిదో పదో. తుడవక ముందు ఆ అంకెలు నా కంట పడ్డాయేమో అని కూడా ఆలోచించాను. ఆ పేజీ నేను తెరవనే లేదు. నా ఇంటి నంబరు, పింఛను పుస్తకం మల్లేశ్ ఎన్నడూ చూసి ఉండడు.

రజియాకు చెప్పాను. "దొరికింది గదా, ఇగ ఆమెకు చెప్పుడెందుకు?" అన్నాను.

"దొరక్కపోతే? ఎవరి మట్టి మీదనో పసుపు సల్లి, నా బిడ్డేనని ఏడ్చి వస్తుండె ఆ తల్లి. చెప్పు ఆపా. నువ్వు చెప్పేదాంక నా తలుపు కొట్టకు."

ఆ అంకెలు ఎలా కలిశాయో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరు కలిపారో కూడా తెలియదు. కలవకపోయి ఉంటే ఏదో ఒక రోజు నిజం చెప్పేదాన్నేమో. కలిశాయి కాబట్టి, ఆమె సంతోషం వెనక దాక్కున్నాను.

పోయినవి ఇవి. రిసీవర్ ఒకటి, నాలుగున్నర వేలది. చేతపట్టబుద్ధి కాక మార్చి 3న యాదమ్మకే ఇచ్చేశాను. అందులో రజియా సగం రెండు వేల రెండు వందల యాభై. తిరిగి ఇస్తే ఆమె తీసుకోలేదు. రజియాతో తిరగని ఆదివారాలు, ఇవాళ్టికి ముప్పై ఒకటి. యాదమ్మ ఎదురుగా కూర్చుని నిజం చెప్పడానికి వీలు దొరికిన సార్లు, నాలుగు.