పల్చటి మజ్జిగ

ఇది మృత్యువుతో ముఖాముఖి తలపడిన ఒక వీరుడి గాథ. తుఫాను, సముద్రం, గుర్రాలు అన్నీ ఉంటాయి అని రాద్దామనుకున్నాను. నిజానికి జరిగింది అవనిగడ్డలో, మా మేనత్త ఇంటి వరండాలో, ఒక గ్లాసు మజ్జిగతో. గుర్రాలు లేవు.

గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ అయిపోయి, ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టం తీసేశాక బందరు దాటి వెళ్లడం అదే మొదటిసారి. గొట్టం తీసిన రోజు, మింగడం నేర్పే మేడమ్ నెమ్మదిగా చెప్పారు. "నీళ్లలాంటివి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుందండీ. అప్పుడు మళ్లీ గొట్టమే." క్యాన్సర్ కంటే నాకు ఆ గొట్టమంటేనే భయం. క్యాన్సర్ కంటికి కనపడలేదు. గొట్టం రోజూ అద్దంలో పలకరించేది.

అత్తయ్య నన్ను చూడగానే గ్లాసు తెచ్చింది. "సగమైపోయావురా. గొంతు నొప్పి కదా అని బాగా నీళ్లు పోసి పల్చగా చేశాను."

మా వైపు జబ్బు మనిషికి ఎంత పల్చగా చేసిపెడితే అంత ప్రేమ. ఆ మజ్జిగలోంచి గ్లాసు అడుగు కనపడుతోంది. నా గొంతుకి చిక్కటిదే నయం, నెమ్మదిగా దిగుతుంది. పల్చటిది మాత్రం కండరాలు మేలుకునే లోపే ఊపిరి దారిలో దూరిపోతుంది.

"చిక్కటి పెరుగుంటే చాలు అత్తయ్యా."

"చిక్కటిది నీకెలా దిగుతుందిరా? మొహమాటపడకు."

"తాగేయ్ బావా," అన్నాడు ఆవిడ కొడుకు. "లేకపోతే నన్ను తాగమంటుంది."

ఒక్క గుక్క తాగాను.

దగ్గు రాలేదు. రావలసిన చోట సన్నటి ఈల వచ్చింది. గాలి లోపలికి వెళ్లడం లేదు. వరండా స్తంభం పట్టుకున్నాను.

"పొలమారింది," అంటూ అత్తయ్య నా నడినెత్తి మీద తట్టింది. "ఎవరో తలుచుకుంటున్నార్రా."

"యముడేమో," అన్నాడు అత్తయ్య కొడుకు.

మామూలుగా అయితే ఆ జోకు నేనే వేసేవాణ్ణి. ఆ పూట మాత్రం, వాడు చెప్పింది నిజమేమోనని భయపడ్డాను. చివరికి దగ్గు వచ్చింది. మజ్జిగ చొక్కా మీదికొచ్చింది. అత్తయ్య మిగిలిన మజ్జిగ గ్లాసు తీసి దూరంగా పెట్టేసింది.

బందరు వచ్చాక చంకలో థర్మామీటరుతోనే తిరిగాను. ఊపిరి తీసిన ప్రతిసారీ ఛాతీలో గురగుర వినపడుతుందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. ఫ్యాను చప్పుడుకీ ఉలిక్కిపడ్డాను. అమ్మ ఏం వండనా అని అడిగితే ఆకలి లేదన్నాను. ఆకలి ఉంది. మింగే ధైర్యం లేదు.

ఆగలేక మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్మును వెలుతురుకి పట్టుకుని ఆవిడ చూస్తున్నంతసేపూ నా ముక్కు నేనే తడుముకుంటూ కూర్చున్నాను.

"ఊపిరితిత్తులు బాగున్నాయి. గొట్టం అక్కర్లేదు," అన్నారు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతున్నారు. ధైర్యం గురించో జీవితం గురించో అయి ఉంటుందని సర్దుకుని కూర్చున్నాను.

"తిన్నాక ఒక అరగంట దాకా పడుకోకండి."