నానమ్మ ఆకుకూరల్లో దాచిన జామకాయ

నిన్న మోండా మార్కెట్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ట్రెజర్ హంట్ ఆడుతుంటే ఒళ్లు మండింది. కొత్తిమీర వాసనకు, అక్కడే ఆకుకూరలు అమ్మిన నానమ్మ గుర్తొచ్చింది. మార్కెట్ దోస్తులూ, మీకూ యాదుండే ఉంటుంది. ఆమె రోజూ బోణీ డబ్బులతో జామకాయ కొని, అమ్మే ఆకుకూరల్లో దాచేది. చెల్లీ నేనూ బడికి పోయే ముందు వెతికేవాళ్లం.

సూపర్‌మార్కెట్లు వచ్చిన ఏడాది, ఒక పొద్దున కట్టలన్నీ విప్పేశాం. విప్పిన కట్ట ఎవరూ కొనరు. అయినా ఆమె మమ్మల్ని ఆపలేదు.

"ఏడ దాచినవే నానమ్మా? జెర చెప్పరాదు!"

"ఇంకా దేవులాడుండ్రి," అంది.

చెల్లి ఏడుపు షురూ చేసింది.

"ఇయ్యాల బోణీ కాలే బిడ్డా," అంది నానమ్మ అప్పుడు.

నెల తిరక్కముందే యాప్రాల్‌లోని కొత్త అపార్ట్‌మెంట్లకు గిన్నెలు తోమడానికి పోయింది. చచ్చేదాకా తోమింది.