పెనిమిటి పేరు

ఇది ముందే రాయాల్సింది. నాకు అక్షరాలు వచ్చిందే మనవలు పుట్టాక. వచ్చాక కూడా, ఆమె జైల్లో ఉన్నన్నాళ్ళూ ఆమె గురించి రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు ఆమె విడుదలై తన ఊరు వెళ్ళిపోయింది.

విజయనగరంలో రాత్రిబడిలో నేర్చుకున్న చదువునే రోజూ పొద్దున్న జైలుకు వెళ్ళి అక్కడి ఆడవాళ్ళకు చెప్పేదాన్ని. వాళ్ళలో ఒకతే ఆమె. చేపలు పట్టి అమ్ముకునే కుటుంబం. ఊళ్ళో కొట్లాట కేసులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లోపలికొచ్చారు. అతను గోడకు అవతల, మగవాళ్ళ వైపు. అతన్ని చూడాలంటే అర్జీ పెట్టుకోవాలి. మొదట్లో పక్కనున్న ఖైదీ రాసిపెడితే ఈమె వేలిముద్ర వేసేది.

వానలు పడేనాటికి పలక మీద ఏ మాట చెప్పినా రాసేది. నేనే సంబరపడి వార్డరమ్మకు చూపించాను.

ఒకరోజు పాఠం మధ్యలో తెలిసింది, మర్నాడు అతన్ని విశాఖ జైలుకు మార్చేస్తున్నారని. చూడాలంటే ఆ రోజే చూడాలి. అర్జీ కోసం ఆమె బొటనవేలు చాపింది.

"ఇంకా ఏలేటే? సదువొచ్చినోలు ఏలిముద్ర ఎయ్యకూడదని పైవోలు సెప్పినారు. నువ్వే రాయి," అంది వార్డరమ్మ.

తన పేరు రాసుకుంది. చూడాల్సిన మనిషి పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఏటే, బావ పేరుకి సిగ్గా?" పక్కావిడ నవ్వింది.

"సిగ్గు కాదే. సంద్రం మీదకెల్లే మనిసి పేరు పెల్లాం నోట రాకూడదు. ఆయుస్సు తగ్గిపోతాది."

"నోటితో కాదు కదే, సేత్తో."

"సెయ్యి మాత్రం నాది కాదేటి? మా అమ్మి బాబు అని రాత్తాను," అంది. కూతురి తండ్రి అని.

"లోపల ఎంతమంది అమ్మిల బాబులున్నారో ఎరుకా? ఏ బాబుని తెమ్మంటావు?" అంది వార్డరమ్మ.

నేను రాస్తానన్నాను.

"వొద్దమ్మా. మీ రాత నాకు తెలుసు. దీనికి సదువొచ్చిందని సెప్పింది మీరే కదా."

చూసే వేళ అయిపోయిందని గంట కొట్టేవరకు ఆమె పెన్ను పట్టుకునే కూర్చుంది. ఆ పేరు రాయలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చింది.

"నువ్వు నేర్పకపోతే బాగున్ను, అప్పా. రాదని ఏలెట్టుకుందును."



మర్నాడు పొద్దున్న పాఠానికి వెళ్ళకుండా జైలు గేటు బయట వ్యాన్ దగ్గర నిలబడ్డాను. పోలీసుల మధ్య కొంతమంది మగవాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళలో అతనెవరో తెలియదు. వార్డరమ్మను అడిగి పాత అర్జీలో చూసుకున్న పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఒకతను ఆగి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"నీ ఆడది బాగానే ఉన్నాది నాయినా," అన్నాను.