మూడు నీడల్లో ఒకటి

ఆ ఎండాకాలం మా నాన్న పోగొట్టుకున్నవి లెక్కేశాను. ఒంట్లోంచి ఏడు కిలోలు. మరకపడ్డాయని అమ్మకు తెలియకుండా కాలవలో వదిలేసిన పంచెలు మూడు. సాయంత్రాలు క్యాంపులో నలుగురితో కూర్చునే చోటు ఒకటి. విరేచనంలో పోయిన నెత్తురుకు కొలత దొరకలేదు. అలా పోయిన నెలలు మాత్రం ఐదని తేలింది.

డెబ్బైల మొదట్లో సంగతి. కోస్తా నుంచి వచ్చి, రాయచూరు వైపు కల్లూరు దగ్గర కాలవ కింద వరి వేసుకుంటున్న వాళ్ళం; అలా వలసొచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళనే అక్కడ క్యాంపులనేవారు. రాయచూరు డాక్టరు నాన్నను చూసి, పేగులో కండ పెరిగి ఉండవచ్చన్నాడు. ముందే కనిపెడితే తీసేయొచ్చు, ఆలస్యమైతే క్యాన్సర్ కావచ్చు. కిందినుంచి బేరియం అనే తెల్లటి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. అంతకుముందు రెండు రోజులు ఏమీ తినకుండా, పల్చటివి తాగుతూ ఉండాలి.

ఫిల్ములో మూడు నీడలు పడ్డాయి. డాక్టరు వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "వీటిలో కండ ఏదో, కూడు ఏదో చెప్పలేను" అన్నాడు.

అక్కడి కాంపౌండరు నాన్న వైపు తిరిగాడు. "ఏం పెద్దమనిషీ, రెండు దినాలు ఏం తిన్నవు?"

"మెతుకు ముట్టలేదు బాబూ. తరవాణి తాగానంతే."

"అదేంది?"

అమ్మ అందుకుంది. "పులిసిన గంజి బాబూ. చద్దన్నం మెత్తగా పిసికి కలిపాను. జ్వరమొచ్చినా మేమదే పోస్తాం."

"నంజుకోను?"

"మామిడికాయ బద్ద" అన్నాడు నాన్న, చిన్నగా.

"బద్ద గూడ తాగినవా!"

డాక్టరు కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మళ్ళీ వారం గడువిచ్చారు. ఈసారి ఆమె బార్లీ నీళ్ళు గుడ్డలో రెండుసార్లు వడకట్టింది. ఆ రెండు రోజులూ తానూ అవే తాగింది.

రెండోసారి డాక్టరు పద్ధతి మార్చాడు. బేరియం చాలావరకు బయటికి తీసేసి, గాలి ఎక్కించాడు. పేగు ఉబ్బి, గోడకు మందు పూతలా అంటుకుంటే చిన్న బొడిపె కూడా బయటపడుతుందట.

"సైకిలు ట్యూబుకి కొట్టినట్టు కొట్టార్రా గాలి" అన్నాడు నాన్న, బయటికొస్తూనే.

రెండు నీడలు మాయమయ్యాయి. ఒకటి ఉన్నచోటే ఉంది, చిక్కుడు గింజంత. అది కిందిభాగంలోనే ఉండటంతో, చివర బల్బున్న గొట్టంతో చూస్తూ తీగ ఉచ్చు వేసి తీశారు. పరీక్షకు పంపితే, క్యాన్సర్ ఇంకా కాలేదని వచ్చింది. కోతలనాటికి నాన్న ఐదు కిలోలు పెరిగాడు.

మా పేగుల్లోనూ అలాంటిది రావచ్చు కనుక, నలభై దాటగానే పిల్లలందరూ ఒకసారి చూపించుకోవాలని డాక్టరు చెప్పాడు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఒక్కొక్కరి వెంటపడ్డాడు. నన్ను మాత్రం "ఊరందరికీ లెక్కలు కడతావు, నీదెప్పుడ్రా?" అనేవాడు.

ఐదుగురం. నలుగురు వెళ్ళొచ్చారు. నాకు ఆ ఫిల్మంటే భయం. ఇప్పటికీ బాకీ ఒకటి.