ఎవరి లెఫ్టు, తాతా?

ఆ లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో కూర్చున్న ప్రతివాళ్ళూ ఏదో ఒక విద్య నేర్చుకున్నారు. నా హాస్టల్ స్నేహితురాళ్ళలో ఒకతి కుక్కర్లో కేకు చేయడం నేర్చింది, ఇంకొకతి గిటారు పట్టి వీధి వీధినంతా బాధపెట్టింది. నేను మంగలి కత్తితో గడ్డం గీయడం నేర్చుకున్నాను. (నా గడ్డం కాదు, మా తాతయ్యది.) కాలేజీ తెరిచాక ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళు నాకు కొంచెం దూరంగా కూర్చున్నారు.

నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న నేను, కాలేజీ మూసేయడంతో పెదకూరపాడు దగ్గరున్న మా ఊరికి వచ్చేశాను. తాతయ్య ఒకప్పుడు మాచర్ల నుంచి నాపరాయి లారీ తోలిన మనిషి. రోడ్డు పక్కన బండి ఆపి, దాని అద్దంలో చూసుకుంటూ, మడత విప్పిన మంగలి కత్తితో తన గడ్డం తనే గీసుకునేవాడట. ఇంకే సామానూ ఆయన కంటికి ఆనదు. నాన్న ట్రిమ్మర్ చూపిస్తే, "అది జొన్నచేను కోసే మిషనురా" అన్నాడు. ఇక ఆయన మీసం సంగతి. దాన్ని చూసి ఆర్టీవో ఆఫీసులో కుర్చీ వేసేవాళ్ళని చెప్పుకునేవాడు. (కుర్చీ వేసిన మాట నిజమేననీ, బండి కాయితాలు సరిగా లేక సాయంత్రం దాకా అందులోనే కూర్చోబెట్టారనీ నాయనమ్మ చెప్పేది.)

వయసు మీద పడి కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక, ఊళ్ళో కటింగు షాపాయన ఇంటికొచ్చి ఆ కత్తితోనే గీసిపోయేవాడు. లాక్‌డౌన్‌తో ఆయన రావడం మానేశాడు. తాతయ్య గడ్డం పెరిగి పెరిగి పత్తి పగిలినట్టు అయింది. అది అలాగే ఉండిపోయేదేమో గానీ, మధ్యలో పెళ్ళి వచ్చిపడింది. మాచర్ల అత్త, అంటే తాతయ్య ఒక్కగానొక్క కూతురు, తన కొడుక్కి ముహూర్తం పెట్టేసింది. పోలీసులు కొద్దిమందికే పర్మిషన్ ఇచ్చారు కాబట్టి మా ఇంటి నుంచి అమ్మా నాన్నా వెళ్ళేటట్టు, తాతయ్య నాయనమ్మలు వీడియో కాల్‌లో దీవించేటట్టు ఏర్పాటయింది.

"ఈ మొహంతోనా?" అన్నాడు తాతయ్య అద్దం దించి. "అడుక్కునేవాడు ఫోనులోకి ఎట్టా వచ్చాడా అనుకుంటారు. నేను దీవించను పో."

నాన్న రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే రకం. నాయనమ్మకు చూపు ఆనదు. తాతయ్య చూపులు ఇల్లంతా తిరిగి నా మీద ఆగాయి. "ఒసేయ్, నీ చెయ్యి వణకదు గదా?" అన్నాడు.

అలా మొదలైంది నా శిక్షణ. మొదటి పాఠం, కత్తిని తోలు పట్టా మీద సాన పట్టడం. నేను మొదటి రోజే పట్టాను కోసిపెట్టాను. రెండో పాఠం దోసకాయ మీద. దానికి సబ్బు నురగ పూసి, కాయకు గాటు పడకుండా నురగ మాత్రమే తీయాలి. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీస్తే చక్కగా తొక్క ఊడొచ్చింది. "నురగ తియ్యమంటే తోలు వొలుస్తావేందే! రేపు నా గతేంది?" అన్నాడు తాతయ్య తన చెంప తడుముకుంటూ. ఆ కాయలన్నీ పారేయడానికి మనసొప్పక నాయనమ్మ కడిగి పప్పులో వేసింది. పప్పు పొంగినప్పుడల్లా ఇంట్లో అందరం గిన్నెలోకి అనుమానంగా చూసేవాళ్ళం.

పెళ్ళి రోజు పొద్దున తాతయ్యను వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, మెడకు తుండు చుట్టి, నురగ పూశాను. ఆయన క్లీనరుకి మొదటిసారి స్టీరింగ్ ఇచ్చినట్టు పాఠం చెబుతున్నాడు. "నెమ్మదిగా పోనియ్... అద్దీ... దవడ దగ్గర టర్నింగుంది, స్లో చెయ్... గడ్డం కింద ఘాట్ రోడ్డు, ఊపిరి బిగబట్టు." ఆయన గొంతు మీద కత్తి పెట్టి ఊపిరి బిగబట్టాను. ఇద్దరం ప్రాణాలతో బయటపడ్డాం. చెంపలు నున్నగా వచ్చాయి. ఒక్క చుక్క రక్తం లేదు. నాకు గర్వం వచ్చింది. ప్రమాదాలన్నీ అక్కడే జరుగుతాయట, ఊరు దగ్గరపడ్డాక.

మీసం అంచు సరిచేయడమే మిగిలింది. కత్తి ముక్కు కింద నిలిపాను.

"లెఫ్టుకి పోనియ్," అన్నాడు తాతయ్య.

పోనిచ్చాను. మీసం కొసలో చిటికెడు తెల్లవెంట్రుకలు తుండు మీద రాలాయి.

"లెఫ్టు అన్నా గదే!"

"ఎవరి లెఫ్టు, తాతా?"

ఆయన అద్దం చూసుకుని, "సర్లే, రెండోవైపు గూడా అంత తీసేయ్, సమానమైపోద్ది" అన్నాడు. తీశాను. కాస్త ఎక్కువ తెగింది. దానికి సమానంగా ఇటు తీశాను. ఇలా అటూ ఇటూ న్యాయం చేస్తూ పోతే, ముక్కు కింద ఈగ వాలినంత మిగిలింది. "అది గూడా తీసి పారెయ్, చండాలంగా ఉంది," అన్నాడు తాతయ్య కళ్ళు మూసుకుని.

కాఫీ తెచ్చిన నాయనమ్మ గ్లాసు నేలమీద పెట్టేసి దగ్గరికొచ్చి చూసింది. "పెళ్ళినాడు మీసం తీయించుకుంటారటయ్యా! ఎవరన్నా పోయినట్టు!"

అప్పుడు తట్టింది మాకు. కొడుకు పెళ్ళిపీటల మీద ఉండగా అత్త కంటపడాల్సిన ముఖమా అది? ఫోను ఎప్పుడు మోగుతుందో తెలియదు. భయంతో బుర్ర పనిచేయక, నాకున్న తెలివంతా ఉపయోగించి, తాతయ్యకు మాస్కు తగిలించాను.

ఫోను మోగింది. అత్త పట్టుచీరలో కనిపించి, నవ్వబోయి ఆగిపోయింది. "నాన్నా, ఇంట్లో మాస్కేంది? జొరమా? ఒరే అన్నయ్యా, నాన్నకి వచ్చేసిందిరో!" అని పక్కనున్న మా నాన్నని కేకేసింది. అవతల మేళం ఆగింది. పంతులుగారి మంత్రం కూడా ఆగింది.

"నాకేం రాలేదే! దుక్కలా ఉన్నా!" అని నిరూపించడానికి తాతయ్య మాస్కు లాగేశాడు.

అత్త నున్నటి పైపెదవిని చూసింది. "అమ్మో! అమ్మకేమైందీ!" అని పెళ్ళిపందిరి అదిరేలా అరిచింది.

నాయనమ్మ నా చేతిలో ఫోను లాక్కుని, కన్ను తప్ప ఇంకేమీ కనిపించనంత దగ్గరగా పెట్టుకుని, "చావలేదే! బతికే ఉన్నా! నీ మేనకోడలు గొరిగిందే! ముందు తాళి కట్టించు!" అని కేకేసింది. ఆ తర్వాత అవతలినుంచి వినపడ్డ నవ్వులో పెళ్ళికూతురి నవ్వే గట్టిగా ఉందని అమ్మ వచ్చాక చెప్పింది. తాళి కట్టారు. తాతయ్య అరచేత్తో మూతి కప్పుకుని, ఇంకో చేత్తో అక్షింతలు ఫోను మీద చల్లాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ పీట జరుపుకుని వెళ్ళి తాతయ్యకు ఎదురుగా కూర్చుంది. ఆయన తుండు అడ్డం పెట్టుకుంటే తీసేసింది. "మన పెళ్ళినాటికే మీసాలు గదా. ఈ పెదవి నేనెప్పుడు చూశా?" అంది. ఎంతోసేపు చూసి, "బాగానే ఉన్నావులే," అంది. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. వసారాలో కత్తి తుడుస్తున్న నేను పడీ పడీ నవ్వాను. ముసలివాళ్ళ సరసం కంటే వింత ఏముంటుందనుకునే వయసు మరి.

మీసం మళ్ళీ మొలిచింది. షాపులు తెరిచారు. ఆ తర్వాతి ఏళ్ళలో తాతయ్యా నాయనమ్మా వెనకా ముందుగా వెళ్ళిపోయారు. ఈ మధ్య ఒక ఆదివారం మా ఆయన ఏ బుద్ధి పుట్టిందో గడ్డమంతా తీసేసుకుని స్నానాలగదిలోంచి వచ్చాడు. చేతిలో ఉన్న పని వదిలేసి కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాను. "ఏంది అట్టా చూస్తున్నావ్?" అని ఆయన సిగ్గుపడ్డాడు. ఏం లేదన్నాను. వసారాలో కత్తి తుడుచుకుంటూ విరగబడి నవ్విన ఆ పిల్ల గుర్తొచ్చి, దానికేం తెలుసులే అనుకున్నాను.